పెద్దమ్మ ముఖం పట్టే కెమెరా

జక్మెల్ ఊళ్లో యోలెట్ కెమెరా ఎంచుకునే తీరే వేరు. ఏ కొట్టుకు వెళ్లినా క్లెమాన్స్ పెద్దమ్మను వెంటబెట్టుకుని పోతుంది. ఆదివారం ప్రార్థనకు వేసుకునే తెల్లగౌను తొడిగించి, కొట్టు బయట చెట్టు నీడన కుర్చీలో కూర్చోబెడుతుంది. తను తీయబోయే సినిమా పెద్దమ్మ గురించే. కొనగలిగేది ఒక్క కెమెరానే. “ఇవేమన్నా పెళ్లిచూపులా తల్లీ?” అని వేళాకోళమాడుతూనే, పాత కెమెరాలు అమ్మే ఒడిలోన్ ఆ ముసలావిడకు మంచినీళ్లు అందిస్తాడు.

మొన్న అతని కొట్టు ముందు ఒక కొత్తరకం కెమెరాలో గౌను వెన్నెలలా మెరిసింది. నల్లని ముఖం మాత్రం ఒట్టి నీడైపోయింది. “పోనీలే బంగారం, గౌను బాగా పడిందిగా! నా ఫోటోలన్నీ ఇంతే,” అంది పెద్దమ్మ. యోలెట్ దాన్ని పక్కన పెట్టేసింది. ఆమె ముఖం చూసి ఒడిలోన్ లోపలికి వెళ్లి, అంచులు అరిగిన కెమెరా ఒకటి దుమ్ము దులిపి తెచ్చాడు. ఈసారి గౌను మడతలూ కనిపించాయి, పెద్దమ్మ ముఖమూ కనిపించింది. ఆవిడ తెర మీదికి వంగి చాలాసేపు చూసుకుంది. మెల్లగా బుగ్గ తడుముకుంది. “ఒసే యోలెట్, దేవుడు పెట్టిన పుట్టుమచ్చే ఇది! నా పెళ్లి ఫోటోలో కూడా పడలేదే.”