స్టార్ట్ కాని లారీ

మొన్న సికింద్రాబాద్‌లో పాత బండ్ల ప్రదర్శనకు వెళ్లాను. కొత్తగా రంగులేసిన ఒక ఇంగ్లండు లారీ దగ్గర డీజిల్ వాసన తగలగానే నా కాళ్లు ఆగిపోయాయి.

నాన్న బోయిగూడ కలప అడితిలో అలాంటి లారీయే నడిపేవాడు. ఇంట్లో కనబడేదే తక్కువ. నాకు ఏడేళ్లప్పుడు, ఒక ఉదయం నాన్నకు టిఫిన్ ఇవ్వడానికి వెళ్లాను. అడితి సేటు నా ఎదుటే నాన్నతో అన్నాడు: "ఇయ్యాల స్టార్టయితే ఉంచుత. లేకుంటే బండి తుక్కుకు, నువ్వు ఇంటికి."

"జెర ఆగుండ్రి సేటూ, లేస్తది," అంటూ నాన్న ఇంజను ముందున్న హ్యాండిల్ తిప్పుతూనే ఉన్నాడు. అరచేతులు చిట్లి రక్తం కారింది. నాకు మాత్రం 'ఇంటికి' అన్న మాటే వినబడింది. బండి స్టార్ట్ కాకూడదని కళ్లు మూసుకుని యేసయ్యకు ప్రార్థన చేశాను.

కాలేదు.

నాన్నకు మళ్లీ పని దొరకలేదు. పగలంతా గోడవైపు తిరిగి పడుకునేవాడు. దేవుడు నా మాట విన్నాడని నేను కొన్నాళ్లు సంబరపడ్డాను. నాన్న పోయేదాకా ఆ సంగతి ఆయనకు చెప్పలేకపోయాను.