పదం ఎత్తుకునేవాడు

ముంబయి కామాటిపురా పదకొండో గల్లీలో పుట్టిన రాజలింగం ముప్ఫై ఏళ్లుగా పియానోలు మోస్తున్నాడు. వాటిని వాయించేవాళ్ల పేర్లు అతనికి తెలియవు. ఏ పియానోకు ఏ మూల బరువో తెలుసు. కాళ్లు ఊడదీసి, బొంతల్లో చుట్టి, పట్టీలు బిగించాక మిగతా ముగ్గురూ అతని నోటి వైపే చూస్తారు. అతను పదం ఎత్తుకోవాలి. అప్పుడే అడుగు పడాలి. దమ్ము బిగబట్టమనే ఆ పదం తాతది. తాత ఈ ఊళ్లో మేడలకు రాళ్లు మోసినవాడు.

"హైసా... దం పకడ్... హైసా!"

వానలు వెనకబట్టాక పాలమూరు నుంచి మొగులయ్య వచ్చి జట్టులో చేరాడు. ముప్ఫై ఏళ్లుండవు. ఒకరోజు జలుబుతో తన గొంతు పట్టేస్తే, పదం ఎత్తుకోమని రాజలింగమే అతనికి సైగ చేశాడు.

"ఎత్తన్నా ఎత్తూ... మెల్లగన్నా మెల్లా..."

చివరి మాట ఒక్క క్షణం ఆలస్యంగా దిగేది. అడుగు దాని కోసం ఆగేది. ఆ ఆగినంతసేపు బరువు తగ్గినట్టుండేది. ఆ సంగతి అందరికన్నా ముందు రాజలింగం భుజానికే తెలిసింది. అదే అతనికి మంట.

గొంతు బాగైంది. జట్టులో విక్కీ నసిగాడు.

"కాకా, మొగులన్ననే అననియ్. పాయ్ హల్కా పడ్తది, అడుగు బరువనిపియ్యది."

"నా నోట్ల ఏమన్న పురుగు వడ్డదారా?"

విక్కీ నవ్వాడు. పదం మాత్రం మొగులయ్యకే పోయింది.

గ్రాంట్ రోడ్ దగ్గర ఓ పాత భవనం రెండో అంతస్తులో జాజ్ కచేరీ. పియానో లిఫ్టులో పట్టదు. వాయించాల్సిన మనాలి మెట్ల పైన నిలబడి చూస్తోంది. మలుపు దగ్గర, మొగులయ్య పదం సగంలో ఉండగా, రాజలింగం తన పదం అందుకున్నాడు.

ఎనిమిది కాళ్లకు ఏది వినాలో తెలియలేదు. పియానో ఒరిగి గోడను గుద్దింది. లోపల తీగలన్నీ ఒక్కసారి మూలిగాయి.

మొగులయ్య తన పదం వదిలేశాడు. "హైసా!" అని రాజలింగంతో గొంతు కలిపాడు. పియానో నిలదొక్కుకుంది. పైకెక్కింది.

మనాలి రికార్డు చేసుకోవడానికి ఫోను పట్టుకుని వచ్చింది. మెట్ల మీద పాడిందెవరని హిందీలో అడిగింది. ఆ పాటతోనే సాయంత్రం కచేరీ మొదలుపెడతానంది.

"హమారా కాకా," అన్నాడు మొగులయ్య, రాజలింగాన్ని చూపించి.

ఫోను రాజలింగం నోటి దగ్గరికొచ్చింది. అతను కాదనలేదు. "హైసా... దం పకడ్..."

మనాలి తల అడ్డంగా ఊపింది. ఇది కాదు, మొదటిది, ఆగి దిగేది.

అది అతనికి కంఠతా వచ్చు. భార్య తారాబాయి నీళ్లకు వెళ్లినప్పుడు ఇంట్లో ఒక్కడే అనుకునేవాడు. "ఎత్తన్నా..." అన్నాడు. చివరి మాట ముందే దిగిపోయింది. ఆమె ఇంకోసారి అంది. మళ్లీ ముందే దిగింది.

బొంతలు మడుస్తున్న విక్కీ తల దించుకుని నవ్వాడు.

"వాన్ని అడుగు," అన్నాడు రాజలింగం. తెలుగు ఆమెకు అర్థం కాలేదు. అతను మొగులయ్య భుజం పట్టుకుని ఆమె ముందుకు నెట్టాడు. కావలసినదానికన్నా గట్టిగా.