నాగావ్ షెడ్డులో నేను తీసేసిన అడ్రసు

ఉద్యోగ విరమణకు రెండేళ్ల ముందు, ఒక వేసవిలో, మహారాష్ట్రలోని భివండిలో ఉన్న నాగావ్‌కు నన్ను పంపారు. ఇంటర్నెట్ కనెక్షన్లు ఇచ్చే ఒక ప్రైవేటు సంస్థలో అప్పుడు నేను సీనియర్ టెక్నీషియన్‌ని. తెలంగాణ నుంచి వచ్చి స్థిరపడ్డ మల్లేశం సేటు మగ్గాల షెడ్డులో గేట్‌వే బిగించాలి. బయటి లైనుకూ షెడ్డులోని కంప్యూటర్లకూ మధ్య కాపలా కాసే పెట్టె అది. ఠాణా నగరంలోని మా ఆఫీసు ఇంజనీరు దాన్ని అక్కడి నుంచే తెరిచి సరిచేయగలగాలి.

ఆ ఇంజనీరు సునీత. భివండిలో మేముండే టెంఘర్ పిల్లే. కేబుల్ చివర కనెక్టర్ బిగించడం నా దగ్గరే నేర్చుకుంది. కొన్నేళ్లకే నన్ను దాటి పైకి వెళ్లింది. నా రిపోర్టులు ఆమెకే పంపాల్సి వచ్చింది. నలుగురిలో ఆమెను మెచ్చుకునేవాణ్ణి. ఇంటికొస్తే అన్నం సహించేది కాదు.

లాప్‌టాప్‌ను పెట్టెకు కలిపి, ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మార్చి, లైను వివరాలు ఇచ్చాను. చివరిది రిమోట్ పేజీ. పెట్టెను బయటి నుంచి ఎవరు తెరవవచ్చో అక్కడ రాయాలి. మా ఠాణా ఆఫీసు నెట్‌వర్క్ అడ్రసు ఒక్కటే రాసి సేవ్ చేశాను.

అప్పుడే సేటు వెనక నుంచి, "ఇగ మీకు తిరుగుడు తప్పింది అన్నా. అంతా సునీతనే ఆడికెల్లి చూసుకుంటదట గదా! మస్తు హుషారున్నది పిల్ల," అన్నాడు.

ఆయన చాయ్ చెప్పడానికి వెళ్లగానే ఆ అడ్రసు తీసేసి మళ్లీ సేవ్ చేశాను. సైటు వదిలే ముందు ఠాణా నుంచి తెరిపించి చూడాలన్నది నియమం. చూడకుండానే చూసినట్టు ఫారంలో టిక్కు పెట్టాను. అవసరం పడితే ఆమె నన్నే పిలవాలి. నాకు కావలసింది అంతే.

వానాకాలంలో పిలిచింది. బయటి నుంచి డిజైన్లు తెచ్చుకుని మగ్గాలకు పంపే కంప్యూటర్‌ను సేటు మార్చాడు. అనుమతి లేని కొత్తదాన్ని గేట్‌వే అడ్డుకుంది. ఠాణా నుంచి ఐదు నిమిషాల పని. కానీ సునీతకు పెట్టె తెరుచుకోలేదు. రోడ్లు మునిగిపోయాయి. నీళ్లలో నడిచి నేను చేరేసరికి మధ్యాహ్నం దాటింది. మగ్గాలు ఆగిపోయి ఉన్నాయి. మీటరు లెక్కన కూలికి నేసేవాళ్లు పొద్దున్నుంచీ గోడవారన ఖాళీగా కూర్చున్నారు. వాళ్లలో ఒకాయన లేచి నాకు జాగా ఇచ్చాడు. "గింత వానల నడుసుకుంట వచ్చిండ్రా సారూ!" అన్నాడు. అతని ముఖం చూడలేకపోయాను.

అడ్రసు రాశాను. సునీత పెట్టె తెరిచి కొత్త కంప్యూటర్‌కు అనుమతి ఇచ్చింది. మగ్గాలు కదిలాయి. కాసేపటికి ఫోన్ చేసింది.

"కాకా, పెట్టె లాగ్ చూస్తున్న. ఆ దినం మీరు మన ఆఫీస్ అడ్రస్ పెట్టి, మళ్ల తీసేసిండ్రు. ఎందుకు?"

చేసిన ప్రతి మార్పూ వేళతో సహా లాగ్‌లో నమోదవుతుందని ఆమెకు చెప్పింది నేనే.

"నువ్వంటే కుళ్లు బిడ్డా," అన్నాను.

"రిపోర్ట్‌ల ఏం రాయాలె?" అంది.

"ఉన్నది రాయి."

రాసింది. నాకు మెమో వచ్చింది. ఒంటరిగా సైట్లకు పంపడం మానేశారు. ఆమె నన్ను కాకా అనడం మానేసి సార్ అనసాగింది.

ఆ కుళ్లు నేను రిటైరయ్యేదాకా పోలేదు. కానీ మరే సైటులోనూ అవతలి మనిషి పెట్టె తెరిచి చూశానని చెప్పేదాకా నేను ఫారం ముట్టుకోలేదు. అలాంటి నియమాలు మతిమరుపు మనుషుల కోసం పెట్టారనుకునేవాణ్ణి. అన్నీ గుర్తుండి కూడా తప్పు చేసేవాళ్ల కోసమూ అవి అవసరమే.