నలభై తొమ్మిదో రోజు లోపల

చేపల గిడ్డంగి కాపలాదారు ఆమెను దూరం నుంచే గుర్తుపడతాడు. భుజాన మడత నిచ్చెన, చేతిలో గుడ్డసంచి. సంచిలో గీతల నోటుబుక్కు, స్క్రూడ్రైవరు, మూత గట్టిగా బిగించిన చిన్న సీసా ఉంటాయి. నెలకొకసారి, మధ్యాహ్నం రెండు దాటాక ఆమె వస్తుంది. "మా డబ్బాని నిద్రలేపడానికి వచ్చారా?" అంటూ అతను గేటు తీస్తాడు. ఆమె నవ్వదు, నొచ్చుకోదు.

లోపల శీతల గది తలుపు పైన గోడకు బిగించిన బూడిదరంగు పెట్టె ఒకటుంది. దాని కింద నిచ్చెన వేసి ఎక్కుతుంది. మీట ఆపి, లోపలి బ్యాటరీ తీగ కూడా ఊడదీస్తుంది. పచ్చదీపం ఆరిపోతుంది. పది అంకెలు లెక్కపెట్టి, రెండూ మళ్ళీ కలుపుతుంది. తర్వాత సీసాలోని అమ్మోనియా నీళ్ళలో దూది ముంచి పెట్టె రంధ్రాల దగ్గర పట్టుకుంటుంది. చెవులు గింగురుమనేలా అది మోగుతుంది. తేదీ రాసుకుని దిగుతుంది. ఈ పని ఆమెకు ఎవరూ అప్పగించలేదు.

ఆమెకు నలభై నాలుగేళ్ళు. పదకొండేళ్ళ పాటు, సైకిళ్ళ దుకాణం పైనున్న మూడు గదుల వర్క్‌షాపులో పనిచేసింది. యజమానితో కలిపి అక్కడ ఆరుగురు. ఫ్యాక్టరీలకు కావలసిన చిన్నచిన్న పరికరాలు, అంటే వేడి చూపించేవి, నీటిమట్టం చెప్పేవి, గాలిలో విషవాయువు కలిస్తే మోగేవి, తయారుచేసేవారు. అందరూ ఆమెను కిట్లక్క అనేవారు. ఆ పేరు పనిని బట్టే వచ్చింది. ప్రాసెసర్ చిప్‌లు తయారుచేసే పెద్ద కంపెనీలు, కొనబోయేవాళ్ళు ముందుగా పరీక్షించి చూసుకోవడానికి ఆ చిప్‌ను ఒక చిన్న బోర్డు మీద అమర్చి అమ్ముతాయి. దాన్ని ఇవాల్యుయేషన్ బోర్డు అంటారు. బోర్డు కొరియర్‌లో వచ్చేస్తుంది. దానితో మాట్లాడటానికి, దానిలో నడిచే ప్రోగ్రాము రాయడానికి కావలసిన సాఫ్ట్‌వేర్ డెవలప్‌మెంట్ కిట్ మాత్రం అలా రాదు. కంపెనీ వెబ్‌సైటులో ఖాతా తెరవాలి, ఫారం నింపాలి, ఒప్పందానికి సమ్మతి తెలపాలి, ఒక్కోసారి వారాల తరబడి అనుమతి కోసం ఎదురుచూడాలి. కిట్ లేని బోర్డు తాళంచెవి పోయిన బీరువా లాంటిది. వర్క్‌షాపులో ఆ తాళంచెవులు తెచ్చే మనిషి ఆమె.

ఒప్పందాలను ఆమె మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివేది. ముప్పై పేజీలైనా సరే, వేలు తెర మీద ఆనించి, పంక్తి పంక్తికీ దిగేది. "అక్క చదువు మొదలెట్టింది, ఈలోగా మనం టీ తాగొచ్చు, కావాలంటే పెళ్ళి కూడా చేసుకుని రావచ్చు" అని సోల్డరింగ్ బల్ల దగ్గరి ఆవిడ ఆటపట్టించేది. చదవకుండా 'సమ్మతమే' అని నొక్కడం ఖాళీ కాగితం మీద సంతకం పెట్టడమేనని ఆమె వాదన. పదకొండేళ్ళలో ఆ అలవాటు ఒక్కసారి కూడా తప్పలేదు. జరిగినదానికి కారణం చదవకపోవడం కాదని చెప్పడానికే ఈ సంగతి ఇక్కడ రాయవలసి వస్తోంది.

పద్నాలుగు అమ్మోనియా హెచ్చరిక పెట్టెలకు ఒకేసారి ఆర్డరు వచ్చింది. చల్లబరచడానికి అమ్మోనియా వాడే ఐస్ ఫ్యాక్టరీ, పాల కేంద్రం, చేపల గిడ్డంగులు కొన్నిటికి అధికారుల తనిఖీ దగ్గర పడింది. సొంతంగా బోర్డు తయారుచేయించే వ్యవధి లేదు. పరీక్షల కోసం తెప్పించిన ఇవాల్యుయేషన్ బోర్డులనే పెట్టెల్లో బిగించేద్దామన్నాడు యజమాని. కిట్ కోసం ఆమె ఫారం తెరిచింది. అందులో ఐదో ప్రశ్న: ఈ కిట్‌ను దేనికి వాడతారు? చదువు కోసమా, సరదా కోసమా, అమ్మే వస్తువు కోసమా. చివరిదాన్ని ఎంచుకుంటే కంపెనీ పత్రాలు, బాధ్యుడి సంతకం, మూడు వారాల పరిశీలన. మొదటిదాన్ని ఎంచుకుంటే పది నిమిషాల్లో కిట్ చేతికొస్తుంది. ఆమె యజమానిని పిలిచి చూపించింది.

"తనిఖీకి నాలుగు రోజులుందమ్మా. మూడు వారాలు ఎవరు ఆగుతారు?"

"చదువు కోసం అని పెడితే అబద్ధమవుతుంది సార్."

"మనం చదువుకోవట్లేదా ఏంటి, రోజూ? నొక్కేయ్. అక్కడ కూర్చుని ఎవడు చూస్తాడు?"

ఆమె కాసేపు ఆలోచించింది. కిట్ అదే, ప్రోగ్రామూ అదే. ఫారంలో ఏం రాసినా పెట్టె మోగడంలో తేడా ఉండదు. అలా అనుకుని, చదువు కోసం అన్న గడిలో గుర్తు పెట్టింది.

ఐస్ ఫ్యాక్టరీలో కంప్రెసర్లు నడిపేది ఆమె తమ్ముడు. అక్కా తమ్ముడూ మరదలూ రెండు గదుల ఇంట్లో కలిసే ఉంటారు. పెట్టె బిగించిన రోజున అతను తోటివాళ్ళందరినీ దాని కిందికి తీసుకెళ్ళి, "మా అక్క చేసింది. ఇకనుంచి ముక్కుల మీద ఆధారపడక్కర్లేదు" అని చెప్పుకున్నాడట. కరెంటు పోయినప్పుడల్లా పెట్టె ఆరిపోతోందని, అందులో ఉన్న నాసి బ్యాటరీ తీసేసి మంచిది తెచ్చి తనే వేశాడు. ఆ తర్వాత యాభై రెండు రోజులు పెట్టె ఒక్కసారి కూడా ఆరలేదు.

యాభై మూడో రోజు మధ్యాహ్నం భోజనాల వేళకు ముందు, లోపలి గదిలో వాల్వు దగ్గర సీలు వదులై అమ్మోనియా కొద్దికొద్దిగా నిండటం మొదలైంది. మంచు దిమ్మెలు లాగే పెద్దాయనకు రెండు రోజులుగా జలుబు. వాసన తనకు తెలియక, పెట్టె మోగలేదు కదా అన్న భరోసాతో లోపలి గదిలోకి వెళ్ళాడు. వాల్వు ఒక్కసారిగా తెగింది. పెద్దాయన కోసం తమ్ముడు లోపలికి పరిగెత్తాడు. బయటికి వచ్చింది తమ్ముడు ఒక్కడే, అదీ పాకుతూ. అప్పుడు కూడా పెట్టె మీద పచ్చదీపం నిలకడగా వెలుగుతూనే ఉంది. అది కరెంటు ఉందని మాత్రమే చెప్పే దీపం. లోపలి ప్రోగ్రాము బతికుందో లేదో దానికి తెలియదు.

తమ్ముడు నలభై రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. గొంతు గుసగుసగా మిగిలింది. ఎనిమిది మెట్లెక్కితే మూడుసార్లు ఆగాలి. విచారణకు వచ్చినవాళ్ళు పెట్టెలోని సెన్సరు తడికి పాడైందని రాసుకుపోయారు. యజమాని తలూపాడు. ఆమె మాత్రం ఆ సెన్సరును బల్ల మీద పెట్టి నాలుగుసార్లు పరీక్షించింది. నాలుగుసార్లూ బాగానే పనిచేసింది.

కారణం ఆమెకు తెలిసింది తమ్ముడు ఇంటికొచ్చిన పదిహేను రోజుల తర్వాత, ఇలాంటి బోర్డులతో పనిచేసేవాళ్ళు సందేహాలు అడుక్కునే ఒక వెబ్‌పేజీలో. ఆమె ప్రశ్నకు ఎవరో ముక్కూమొహం తెలియని ఇంజినీరు జవాబిచ్చాడు. ఆ కిట్‌లో గడియారం లోపముంది. మీట వేసిన క్షణం నుంచి వెయ్యో వంతు సెకన్లను లెక్కపెడుతూ పోయి, నలభై తొమ్మిది రోజుల పదిహేడు గంటలకు అంకెలకు చోటు చాలక సున్నాకు పడిపోతుంది. ఆ తర్వాత, మళ్ళీ ఎప్పుడు గాలిని చూడాలో ప్రోగ్రాముకు తెలియదు, చూడటమే మానేస్తుంది. మూడు నెలల కిందటే కంపెనీ అందరికీ హెచ్చరిక పంపింది, సవరించిన కిట్ కూడా ఇచ్చింది. తనకు రాలేదని ఆమె రాసింది. అతను ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు: మీ ఖాతా ఏ రకం?

హెచ్చరిక, సవరణ రెండూ 'అమ్మే వస్తువు' అని రాసిన ఖాతాలకే వెళ్ళాయి. చదువుకునేవాళ్ళ బోర్డులు నలభై తొమ్మిది రోజులు ఏకధాటిగా నడవవు గనుక వాళ్ళను ఇబ్బంది పెట్టడం దేనికని కాబోలు. ఊళ్ళో మిగిలిన పదమూడు పెట్టెలూ అదే కిట్‌తో నడుస్తున్నాయి. కరెంటు పోయినప్పుడల్లా లెక్క మళ్ళీ సున్నా నుంచి మొదలవుతుంది. బ్యాటరీ బాగాలేని చోట అదే కాపాడుతూ వచ్చింది. బాగున్న చోట కాపాడేది ఏదీ లేదు.

సవరించిన కిట్ కోసం ఆమె మళ్ళీ అదే ఫారం తెరిచింది. ఈసారి నిజం రాయాలి, యజమాని సంతకం కావాలి. అతను కాగితం వైపు చూడను కూడా చూడలేదు. "సంతకం పెడితే మనమే ఒప్పుకున్నట్టు. విచారణ అయిపోయింది కదమ్మా, మానుతున్న పుండును ఎందుకు గెలుకుతావ్?" అన్నాడు. పెట్టెలు వెనక్కి తెచ్చి, రోజుకోసారి వాటంతటవే ఆగి మొదలయ్యేలా ప్రోగ్రాము మారుస్తానంది. ఒక్క పెట్టె విప్పినా ఊరంతా కారణం అడుగుతుందన్నాడు. ఆ రాత్రికి ఆగి, మర్నాడు ఆమె తన పేరుతోనే ఫారం నింపింది. ఏ వస్తువు, ఎన్ని, ఎక్కడెక్కడ ఉన్నాయి అన్నీ రాసింది. ఏదైనా ప్రమాదం జరిగిందా అన్న గడిలో ఒక మరణం, ఒక తీవ్ర అస్వస్థత అని రాసింది. తొమ్మిది రోజులు 'పరిశీలనలో ఉంది' అని చూపించింది. పదో రోజు జవాబు వచ్చింది. ప్రాణరక్షణ పరికరాల్లో ఇవాల్యుయేషన్ బోర్డులు వాడటం ఒప్పందానికి విరుద్ధం, వాటిని వెంటనే తొలగించండి, మీ ఖాతాను మూసివేస్తున్నాం. అదే జవాబు నకలు యజమానికీ వెళ్ళింది. అతను ఆమె బల్ల ఖాళీ చేయించి, కంప్యూటరున్న గదికి కొత్త తాళం వేశాడు. పెట్టెల్లోని ప్రోగ్రాము మార్చగలిగిన ఒకే ఒక్క దారి ఆ గదిలోనే ఉంది.

తమ్ముడికి ఆమె ఆ సాయంత్రమే చెప్పింది. అతను కిటికీ పక్క కుర్చీలో ఉన్నాడు. మరదలు ఉతికిన బట్టలు మడత పెడుతోంది. ఆమె ఏదీ దాచకుండా, ఒక ఫారం నింపినంత వరుసగా చెప్పుకొచ్చింది. తమ్ముడు అంతా విని గుసగుసగా అడిగాడు.

"చదివే నొక్కావా?"

"చదివే నొక్కాను."

"చదవకుండా నొక్కి ఉంటే బాగుండేదక్కా. తెలీక చేసింది అనుకునేవాణ్ణి."

ఆ తర్వాత అతను ఆమెతో మాట్లాడలేదు. ఏదైనా చెప్పాలంటే భార్యకు చెప్పేవాడు: మీ వదినని తినమను, మీ వదినకి ఫోనొస్తోంది. ఒకే గదిలో కూర్చున్న మనిషికి మాటలు ఇలా చుట్టూ తిరిగి చేరేవి. మరదలు ఇద్దరి మధ్యా నలిగిపోయి, "నేనేమన్నా పోస్టాఫీసునా?" అని ఒకరోజు గిన్నె నేలకేసి కొట్టింది. ఇద్దరూ మారలేదు.

ఆమె పదమూడు చోట్లకూ నడిచి వెళ్ళి ఉన్న సంగతి చెప్పింది. నలుగురు వెంటనే పెట్టెలు పీకేసి వేరే కంపెనీవి పెట్టించుకున్నారు. మిగతా తొమ్మిది మందీ పచ్చదీపం చూపించి, బాగానే ఉంది కదా అన్నారు. ఒకాయన ఆమె పోటీ కంపెనీ మనిషని అనుమానించాడు. తనిఖీ కార్యాలయంలో ఆమె ఇచ్చిన అర్జీకి అందినట్టు ముద్ర వేసిన కాగితం ఒకటి ఇచ్చారు. అది ఇప్పటికీ పరిశీలనలోనే ఉంది.

ఆ అర్జీ ఇచ్చి వచ్చిన మర్నాడు ఉదయం, పంతొమ్మిది రోజుల మౌనం తర్వాత, తమ్ముడు నేరుగా ఆమెనే అడిగాడు.

"ఇంకా ఎన్ని ఉన్నాయి?"

"తొమ్మిది. ఆపి వేస్తే లెక్క మొదటికొస్తుంది. నలభై ఐదు రోజులకోసారి వెళ్ళొద్దామనుకుంటున్నా."

"నలభై ఐదు వద్దు. నువ్వు జ్వరమొచ్చి పడుకుంటే? నెలకోసారి పెట్టు." ఊపిరి అందాక మళ్ళీ అన్నాడు. "దూదితో మోగించి చూడు. దీపాన్ని నమ్మొద్దు."

గోడ మీది క్యాలెండరు తీయించుకుని, తొమ్మిది చోట్లకూ తొమ్మిది తేదీలు అతనే రాశాడు. క్షమించానని అనలేదు. ఆమె అడగలేదు.

ఇప్పుడు ఆమె ఉదయం పూట ఒక ఫోన్ల మరమ్మతు దుకాణంలో పనిచేస్తుంది. ఆ తేదీల్లో మధ్యాహ్నాలు సెలవు పెట్టుకుంటుంది. పెట్టెలు ఆరుకు తగ్గాయి. యజమాని వర్క్‌షాపు పేరు మార్చి, కొత్త చిప్‌తో కొత్త పెట్టెలు చేస్తున్నాడని సోల్డరింగ్ ఆవిడ చెప్పింది. వాటి కిట్ ఎవరు తెచ్చారో, ఐదో ప్రశ్నకు ఏం రాశారో ఆవిడకు తెలియదు.

చేపల గిడ్డంగిలో నిచ్చెన మీద నిలబడి, దూది పట్టుకునే ముందు ఆమె ఇంటికి ఫోన్ చేస్తుంది. అవతల ఎత్తిన చప్పుడు, ఆ వెనక గరగరలాడే ఊపిరి. ఆమె ఒక చేత్తో దూది రంధ్రాల దగ్గర పెడుతుంది. ఫోన్‌ను పెట్టె దగ్గరికి ఎత్తి పట్టుకుంటుంది. మోత మొదలవుతుంది. చేపల బుట్టలు మోసేవాళ్ళు చెవులు మూసుకుని, "ఇక చాలమ్మోయ్" అని కేకలేస్తారు. పది సెకన్లకు ఆమె దూది తీసేస్తుంది.

"మోగింది" అంటాడు తమ్ముడు. ఫోన్ పెట్టేసి, క్యాలెండరులో ఆ తేదీ మీద గీత గీస్తాడు.