మొద్దు పెట్టని జాకీ

మా అబ్బాయి కొన్న కొత్త కుర్చీకి నాలుగు కాళ్లున్నా మూడే నేలకు ఆనుతాయి. చెబితే, నాలుగో దాని కింద కాగితం మడిచి పెట్టాడు. కింద ఏదైనా పెట్టడమంటే నాకు నర్మెట్ట దగ్గరి ఒక మధ్యాహ్నం గుర్తొస్తుంది.

తెలంగాణ సాయుధ పోరాటం రోజులవి. నేను హైదరాబాదు కాలేజీ నుంచి సెలవులకు వచ్చాను. జనగామ నుంచి వస్తున్న పోలీసు లారీ చక్రం మా చెలక పక్కనే చెడిపోయింది. బండ్లు చేసే వడ్ల రాజయ్యను, నన్ను పట్టుకొచ్చి చక్రం విప్పమన్నారు.

జాకీతో లారీని ఎత్తాక రాజయ్య ఆగిపోయాడు.

"ఇరుసు కింద కట్టె మొద్దు పెట్టంది నేను చెయ్యి పెట్ట. ఇంటికి పోయి తెస్త" అన్నాడు. ఎడ్లబండికైనా ఆయన పద్ధతి అదే.

పోలీసుల జమేదారు తుపాకీ మడమ ఎత్తాడు. "మొద్దును తెస్తవా, దళాన్ని తెస్తవా?"

దెబ్బ తప్పిద్దామని నా చదువంతా బయటికి తీశాను. "జాకీ చాలు రాజయ్యా! లారీని మోయనీకె చేసిండ్రు దాన్ని."

జాకీ గురించి నేను చెప్పింది నిజమే. కింది నేల రాత్రి వానకు నానిందన్న సంగతి మాత్రం మా పాఠంలో లేదు.

నా మాట నమ్మి రాజయ్య చక్రం తీశాడు. ఇరుసు కింద చెయ్యి పెట్టగానే జాకీ బురదలోకి ఒరిగింది. కుడిచేతి వేళ్లు నాలుగూ నలిగిపోయాయి. ఆయన మళ్లీ ఉలి పట్టలేదు.

తర్వాత నేను చాలా పరీక్షలు పాసయ్యాను. ఈ తప్పు మాత్రం కొట్టివేతకు లొంగలేదు.

చెయ్యి నలిగిన మర్నాడు చూడబోతే రాజయ్య భార్య గడపలోనే నిలబడి అంది:

"నువ్వు నోరు మూసుకుంటే నాలుగు దెబ్బలతోని పోతుండె, బిడ్డా."