మూడు కాగితాలు, మూడు మాటలు

నేను అద్దెకున్న గదులన్నిటిలోకీ ఇరుకైనది గాజు సీసాల ఫ్యాక్టరీ వెనక వీధిలోది. మంచం వేస్తే తలుపు సగమే తెరుచుకునేది. ఎక్కడా మూడు నెలలకు మించి కాలు నిలవని నేను అక్కడ పది నెలలున్నానంటే అది ఆ ఇంటాయన చలవే. ఆయన ఆ ఫ్యాక్టరీలో టైపిస్టు. కార్మికులు ఆయన్ని డిక్షనరీ అనేవారు. ఎదురుపడితే డిక్షనరీ గారు.

ముందు ఆయన పనేమిటో చెప్పాలి. షెడ్డులో ఎవరైనా మాట వినకపోతే సూపర్‌వైజరు వచ్చి ఆయన బల్ల ముందు నిలబడి కడుపులో ఉన్నదంతా కక్కేవాడు. వాడికి తలబిరుసు, వీడొట్టి మొండిఘటం, ఆ పొగరుబోతుకు నేనంటే లెక్కే లేదు, ఇలా. ఆ తిట్లను టైపిస్టు ఇంగ్లీషు రిపోర్టుగా మార్చి అరకాగితంలో ఇమడ్చాలి. పైన పేరు, షిఫ్టు. మధ్యలో జరిగిన సంగతి రెండు మూడు వాక్యాల్లో. అడుగున 'ప్రవర్తన' అని ఒక గీత. ఆ గీత మీద ఒకే ఒక్క మాట. ఆ కాగితం రైల్లో నాలుగు గంటల దూరాన ఉన్న హెడ్డాఫీసుకు వెళ్లేది. మనిషిని ఉంచాలో తీసెయ్యాలో అక్కడ తేల్చేవారు. వాళ్లు ఆ మనిషి మొహం ఎన్నడూ చూసినవాళ్లు కారు.

ఆ ఒక్క మాట కోసం ఆయన పడే అవస్థ చూసి తీరాలి. అట్ట ఊడిన ఒక పొడుగు నోటుపుస్తకం ఉండేది. సాయంత్రం మెట్ల మీద కూర్చుని అందులోంచి నాకు వినిపించేవాడు. డిసొబీడియంట్ అంటే చెప్పింది చెయ్యలేదు, అంతే, బడిపిల్లలకు సరిపోయే మాట. అన్‌రూలీ అంటే దువ్వెనకు లొంగని జుట్టు, లేదా అరుస్తున్న గుంపు. హెడ్‌స్ట్రాంగ్ మనిషికి మన మీద కోపమేమీ ఉండదు, తన దారిన తను పోతుంటాడు, మన మాటే అడ్డొచ్చింది. ఇంట్రాక్టబుల్ వాడు లాగితే రాడు, తోస్తే కదలడు. ఇక రికాల్సిట్రంట్ దగ్గరికొచ్చేసరికి ఆయన గొంతు మారిపోయేది. ఆ మాట పుట్టుకలో కాలి మడమ ఉందట. వెనక్కి తన్నే జంతువు. దెబ్బలు తిని కూడా తన్నడం మాననిది.

ఒక రేవులో పడవవాళ్లు ఎదురుగాలికి రకరకాల పేర్లు పెట్టుకోవడం నేను విన్నాను. దారి తప్పించే గాలికొక పేరు, తెరచాప చింపే గాలికొకటి, ఊరికే ఆలస్యం చేసేదానికి ఇంకొకటి. ప్రాణాలతో పని కనుక అన్ని పేర్లు కావలసి వచ్చాయి. ఈ సంగతి చెబితే టైపిస్టు ఎంత మురిసిపోయాడో. తనదీ అలాంటి పనే అన్నాడు. సరైన మాట పడితే మనిషికి న్యాయం జరుగుతుందని పంతొమ్మిదేళ్లుగా నమ్ముతున్నాడు. హెడ్‌స్ట్రాంగ్ అని తను రాసిన ప్యాకింగు మనిషి ఒకడు ఉత్త హెచ్చరికతో బయటపడితే, అది తన మాట మహిమేనని ఇంటికి పరిగెత్తుకొచ్చి భార్యకు చెప్పాడట. ఆవిడ అంతా విని, అన్నం చల్లారిపోతోంది, ముందు కాళ్లు కడుక్కోండి అందట.

ఆవిడ తమ్ముడు అదే ఫ్యాక్టరీలో బెల్టు దగ్గర పనిచేసేవాడు. సీసాలు వరసగా నడిచే బెల్టు అది. పగిలిన ముక్కలు కింద ఇరుక్కుంటే చెయ్యి పెట్టి లాగాలి. బెల్టు ఆపితే పని వెనకబడుతుందని, నడుస్తుండగానే లాగమనేవారు. అంతకుముందు ఏడాది అలా లాగబోయి ఒకతను రెండు వేళ్లు పోగొట్టుకున్నాడు. బావమరిది మాత్రం ఆపితేగాని చెయ్యి పెట్టనన్నాడు. సోమవారం ఆపాడు. బుధవారం ఆపాడు. శుక్రవారం సూపర్‌వైజరు కాలరు పట్టుకుని లాగుతున్నా బెల్టు ఆపే బటను మీంచి వేలు తియ్యలేదు. అతనికి ఇద్దరు పిల్లలు, మంచం పట్టిన అత్తగారు. ఇంకో ఉద్యోగం ఇచ్చేవాళ్లు ఆ ఊళ్లో లేరు.

శనివారం సూపర్‌వైజరు టైపిస్టు దగ్గరికి వచ్చాడు. అప్పటికి కోపం చల్లారి విసుగు మిగిలింది. మూడుసార్లు ఆపాడని ఒక కాగితం మీద గిలికి పడెయ్యండి, నేను ఇంటికి పోవాలి, అన్నాడు.

ఆ పూట ఇంట్లో జరిగింది నేను గోడ అవతల నుంచి విన్నాను.

"ఏమండీ, అసలు రాయనని చెప్పలేరా?"

"నేను రాయకపోతే దాన్నేమంటారో తెలుసా? ఇన్‌సబార్డినేషన్. పై అధికారి మాట కాదనడం."

"దానికీ ఒక మాటుందన్నమాట మీ దగ్గర."

"నువ్వు బెంగపెట్టుకోకు. నీ తమ్ముణ్ణి నేను కాపాడతాను. ఎలా రాయాలో నాకు తెలుసు."

ఆదివారమంతా ఆయన ఆలోచించాడు. మూడు రోజుల సంగతీ ఒకే కాగితం మీద పెడితే అన్నిటికీ కలిపి ఒకే కరుకు మాట వాడాల్సి వస్తుంది. అది అన్యాయం. సోమవారం నాటి మనిషి వేరు, శుక్రవారం నాటి మనిషి వేరు. అందుకని సూపర్‌వైజరు చెప్పింది పక్కన పెట్టి మూడు కాగితాలు టైపు చేశాడు. మొదటిదాని అడుగున డిసొబీడియంట్. రెండోదానికి హెడ్‌స్ట్రాంగ్. మూడోదానికి, కాలరు సంగతి కూడా చేర్చి, రికాల్సిట్రంట్. వరసగా చదివిన వాడెవడికైనా తెలుస్తుంది, ఇతను పొగరుతో మొదలుపెట్టలేదు, తోయగా తోయగా ఎదురుతిరిగాడని. నాకు చూపించాడు. నేనూ కళ్లద్దాలు పెట్టుకుని మూడూ చదివి, ఇంతకంటే బాగా ఎవరూ రాయలేరన్నాను. ఆ మాట ఎందుకన్నానా అని ఇప్పటికీ అనుకుంటూంటాను.

పదో రోజున ఉత్తరం వచ్చింది. బావమరిదిని తీసేశారు.

టైపిస్టు సెలవు పెట్టి హెడ్డాఫీసుకు బయల్దేరాడు. ఆయన ఆ ఊరెన్నడూ చూడలేదు. నాకు తెలిసిన ఊరే కనుక వెంట వెళ్లాను. మూడో అంతస్తులో, కిటికీ పక్కన, ఒక గుమాస్తా అమ్మాయి కూర్చుని ఉంది. మర్యాదస్తురాలు, మాకు కుర్చీలు వేయించింది. ఎవరు చదివి నిర్ణయించారో వాళ్లతో ఒక్కసారి మాట్లాడాలని టైపిస్టు అడిగాడు. చదవడమంటూ ఏమీ ఉండదని ఆ అమ్మాయి చెప్పింది. ఒక మనిషి మీద నెలలో ఒక కాగితం వస్తే హెచ్చరిక. రెండొస్తే పది రోజులు పనిలోంచి ఆపడం. మూడొస్తే తీసెయ్యడం. రిజిస్టరులో పేరుకెదురుగా గీతలు పెట్టేది తనే.

"మరి అడుగున రాసిన మాట?" అన్నాడు టైపిస్టు.

"అదా సార్? అదెవరూ చూడరు. పాత ఫారంలో ఉండేది, తియ్యడం మర్చిపోయినట్టున్నారు."

ఫైలు తెచ్చి చూపించింది. కట్ట కట్టడానికి దారం గుచ్చే రంధ్రం సరిగ్గా ఆ గీత మీద పడింది. మూడో కాగితంలో మాట మొదలూ చివరా మిగిలాయి, నడుమ మడమ ఉన్న చోట చిల్లి ఉంది.

ఆయన ఆ చిల్లి చూసి, మూడూ ఒకే కాగితం మీద రాసి ఉంటే, అని గొణిగాడు. ఒక్కటిగానే లెక్క సార్, హెచ్చరికతో పోయేది, అంది ఆ అమ్మాయి.

తిరుగు రైల్లో నేను ఏవేవో కబుర్లు ఎత్తాను. మూడు స్టేషన్లు దాటాక ఆయన అన్నాడు: "పంతొమ్మిదేళ్లలో పై అధికారి మాట వినకుండా నేను చేసిన పని అదొక్కటే, పెద్దాయనా."

ఇంటికి రాగానే భార్యకు ఉన్నదున్నట్టు చెప్పేశాడు. ఆవిడ ఆనాటి నుంచి అన్నం పెట్టి పక్క గదిలోకి వెళ్లిపోయేది. సోమవారం నుంచి వచ్చిన ప్రతి రిపోర్టు అడుగునా ఆయన డిసొబీడియంట్ అని కొట్టడం మొదలుపెట్టాడు. నోటుపుస్తకం మళ్లీ మెట్ల మీదికి రాలేదు.

బావమరిది పార్శిళ్ల గోదాములో మూటలు మోసే పనికి కుదిరాడు. రోజూ దొరికే పని కాదు. నేను గది ఖాళీ చెయ్యడానికి వారం ముందు, ఒక ఆదివారం, అక్కను చూడ్డానికి వచ్చాడు. భుజం చొక్కా కింద వాచి ఉంది.

"బావా, నా మీద చివర్లో ఏదో పెద్ద మాట రాశావటగా. గోదాములో అడుగుతున్నారు, నిన్నెందుకు తీసేశారని. నాకేమో నోరు తిరగట్లేదు."

టైపిస్టు చెప్పాడు. బావమరిది రెండుసార్లు అనబోయి తడబడి నవ్వాడు.

"అంటే ఏంటి?"

"దెబ్బలు తిని కూడా లొంగనివాడని."

"పెద్దాఫీసువాళ్లు చదివారా అది?"

వంటింటి గుమ్మంలో భార్య నిలబడి ఉంది. ఆయన ఆవిడ వైపు చూడలేదు.

"చదివార్రా."

"పోన్లే. అనామకుణ్ణి తోసేసినట్టు తొయ్యలేదు, నా సంగతేంటో తెలిసే తీశారు. ఒక కాగితం మీద రాసివ్వు బావా, జేబులో పెట్టుకుంటా."

టైపిస్టు ఒక అరకాగితం తీశాడు. గుండ్రటి అక్షరాలతో ఆ మాట నెమ్మదిగా రాసి, సిరా ఆరేదాకా ఊది, ఇచ్చాడు. బావమరిది దాన్ని నాలుగు మడతలు పెట్టి, వాచిన భుజం వైపు జేబులో జాగ్రత్తగా పెట్టుకున్నాడు.