వేడి అన్న మాట

మా పెద్ద డాక్టరుగారికి విలాయతు నుంచి ఒక పత్రిక వచ్చేది. మనోవ్యాధుల మీద అక్కడి వైద్యులు చేసిన పరిశోధనలు అందులో వేసేవారు. ఓడలో బొంబాయికి, అక్కణ్ణుంచి రైల్లో నాందేడుకు చేరేసరికి అది పాతబడిపోయేది. అయినా ఆయన మురిసిపోయేవారు. ఒక్కసారైనా అందులో తన వ్యాసం అచ్చవ్వాలని ఆయన కోరిక. చెడ్డ కోరికేమీ కాదు. కానీ అది పట్టుకున్నాక దవాఖానకు వచ్చే ప్రతి దిగులు మొహంలోనూ ఆయనకు ఒక వ్యాసం కనిపించసాగింది. నాకు ఒళ్లు మండేది. కొత్తగా చేరిన లేడీ డాక్టరును కాబట్టి నోరు మూసుకునేదాన్ని.

ఉమ్రి దగ్గరి పల్లె నుంచి ఒక రైతు తన భార్యను తీసుకొచ్చాడు. తినదు, పడుకోదు, రవిక విప్పేసి తడిబట్ట కప్పుకుని వాకిట్లో కూర్చుంటుందట. ఆ రోజు నేను పని మీద బిలోలి వెళ్లాను. డాక్టరుగారిది మరాఠీ. ఆమె పుట్టిల్లు నిజామాబాదు వైపు, తెలుగు తప్ప సరిగా రాదు. ఏమైందని ఆయన అడిగితే, వచ్చీరాని మరాఠీలో "మలా వేడి ఝాలీ" అందట, నాకు వేడి చేసిందని. మన వేడి ఆయన చెవిలో మరాఠీ 'వేడీ' అయి కూర్చుంది. ఆ భాషలో వేడీ అంటే పిచ్చిది. తన పిచ్చిని తానే ఒప్పుకునే రోగి! ఆయనకు ఇంకేం కావాలి? పిల్లలెందరని భర్తను అడిగి, లేరంటే ఆ ముక్కా రాసుకున్నారు. ఆమెను పాగల్‌ఖానాకు పంపే కాగితం కూడా సిద్ధమైంది.

మర్నాడు నేనొచ్చేసరికి వ్యాసం సగం అయింది. గర్వంగా నా చేతికిచ్చారు. చదివి, "ఆమె పిచ్చి అనలేదండీ, ఒంట్లో వేడి అంది," అన్నాను.

ఆయన మొహం వాడిపోయింది. "వేడికి రవిక విప్పుకుంటారా?" అన్నారు.

అడిగితే తెలుస్తుంది కదా అని ఆమెను పరదా వెనక్కి తీసుకెళ్లాను. ఎక్కడమ్మా వేడి అన్నాను. ఆమె నా చెయ్యి పట్టుకుని రొమ్ము మీద పెట్టుకుంది. కాలిపోతోంది, రాయిలా గట్టిపడి ఉంది.

"పాలమ్మా," అంది. "పిల్ల పోయింది. పాలకేమెరుక? అస్తనే ఉన్నయి."

నాకు ఏడుపొచ్చింది. ఆమె ముందే ఏడ్చాను. కాపడం పెట్టి, పాలు పిండి తీశాక ఆమె కాస్త తెరిపిన పడింది.

ఆమెను వెంటబెట్టుకుని బయటికొచ్చి సంగతి చెప్పాను. డాక్టరుగారు పాగల్‌ఖానా కాగితం చింపేశారు. అది ఆయన మంచితనం, కాదనను. తర్వాత పిల్లలు లేరన్నావెందుకని రైతు మీద విసుక్కున్నారు. ఇప్పుడున్నవాళ్లను అడిగారనుకున్నానని అతను మరాఠీలోనే గొణిగాడు. మా వైపు అంతే. పిల్లలెందరంటే బతికున్నవాళ్లనే చెబుతారు, పోయినవాళ్లను నోటికి తేరు.

ఆమె బల్ల మీది కాగితాల వైపు చూసింది. "గిండ్ల నా ముచ్చటనే రాసిన్రా?"

అవునన్నాను.

"మా పిల్ల ఉన్నదా గిండ్ల?"

లేదని ఎలా చెప్పను? అప్పుడు భర్త లేచాడు. అంతసేపూ మరాఠీలో జవాబులిచ్చినవాడు, డాక్టరుగారికి రాదని మరిచి తెలుగులో అన్నాడు.

"రాయుండ్రి సారూ. ఒక బిడ్డ ఉండె."

ఆ మాటను నేను మరాఠీలో చెప్పబోయాను. అంతలోనే డాక్టరుగారు అతని మొహం చూసి, నన్నేమీ అడక్కుండా కలం తీసుకున్నారు.